ఖాళీ గంటల ఖరీదు

పాలు కొనడానికి మన వైపు రెండు పద్ధతులున్నాయి. ఒకటి వాడిక. రోజుకు లీటరని ఒకసారి చెప్పుకుంటే తెల్లవారేసరికి లీటరు పాలు గుమ్మంలో ఉంటాయి. నెలాఖరున ముప్పై లీటర్లకు లెక్క కట్టి ఇచ్చుకోవాలి. మధ్యలో నాలుగు రోజులు ఊరెళ్లి, ఆ సంగతి ముందుగా చెప్పకపోయామా, ఆ నాలుగు లీటర్లూ మన ఖాతాలోనే పడతాయి. రెండవది విడి బేరం. కావలసినప్పుడు కొట్టుకు పోయి కావలసినన్ని తెచ్చుకోవడం. లీటరుకు ధర కాస్త ఎక్కువే గాని, కొననినాడు పైసా ఇవ్వనక్కరలేదు. ఏ ఇంటికి ఏది లాభమో ఆ ఇంటి లెక్కలు చూసేవారు కాగితం, కలం లేకుండానే చెప్పగలరు. అదే ప్రశ్న క్లౌడ్ డేటాబేసు రూపంలో ఎదురైనప్పుడు మాత్రం పెద్ద చదువులు చదివినవారు కూడా ఏళ్ల తరబడి లెక్క వేయకుండా బిల్లు కడుతూ పోవడం చూస్తుంటాను.

అమెజాన్ వారి డైనమోడీబీ అనే డేటాబేసులో ఉన్నవి సరిగ్గా ఈ రెండు బేరాలే. మొదటిదాన్ని ప్రొవిజన్డ్ అనీ, రెండవదాన్ని ఆన్-డిమాండ్ అనీ అంటారు. వీటిని తెలుగులో ఏమనాలా అని ఒక పూట ఆలోచించాను. 'ముందస్తు కేటాయింపు', 'గిరాకీ ఆధారితం' అంటే ప్రభుత్వ గెజిట్ చదువుతున్నట్టుంటుంది. వాడిక, విడి అన్న మాటలు ఇంట్లోనే ఉండగా నిఘంటువుల దాకా పోవడం దేనికి? ఇక మీదట ఆ మాటలే వాడతాను.

నేను హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ప్రైవేటు బడులకు హాజరు పట్టీ, బస్సుల జాడ, తలిదండ్రులకు సందేశాలు వంటి పనులు చేసిపెట్టే సంస్థ మాది. డేటాబేసు బాధ్యత నాకు 2025 జనవరిలో వచ్చింది; అంతకు ముందు దాన్ని చూసినతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. సంక్రాంతి సెలవులు కాగానే మా యజమాని తన గదిలోకి పిలిచి, క్లౌడ్ బిల్లు నా ముందు పెట్టారు.

"చూడండీ, ఇది ఇలాగే ఉంటే జూన్ నుంచి ఫోను గదిలో నలుగురిని ఉంచలేను. ఇద్దరితో సరిపెట్టుకోవాలి. మీరేమైనా చేయగలరేమో చూడండి" అన్నారు.

ఫోను గది అంటే మా కార్యాలయంలో బడుల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే గది. అందులో నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. వారిలో పెద్దావిడను మేమందరం అక్కా అనే పిలుస్తాం. యజమాని కఠినుడేమీ కాదు. బిల్లులో డేటాబేసుకు పడిన మొత్తం చూస్తే, ఆయన చెప్పినది బెదిరింపు కాదనీ, మామూలు కూడికలూ తీసివేతలేననీ నాకు అర్థమైంది.

లెక్కలోకి పోయే ముందు ఈ సరుకు పుట్టుపూర్వోత్తరాలు కొద్దిగా చెప్పుకోవాలి. 2007లో అమెజాన్ ఇంజినీర్లు డైనమో అనే తమ లోపలి వ్యవస్థ గురించి ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. కొనుగోలుదారు బుట్టలో వేసిన వస్తువు ఏ యంత్రం పడిపోయినా పోకూడదన్నది అప్పటి వారి పట్టుదల. ఆ ఆలోచనల దారిలోనే 2012 జనవరిలో డైనమోడీబీ అందరికీ అమ్మకానికి వచ్చింది. వచ్చినప్పుడు ఉన్నది వాడిక ఒక్కటే. సెకనుకు ఇన్ని రాతలు, ఇన్ని పఠనాలు అని ముందే చెప్పుకొని, వాడినా వాడకపోయినా గంట గంటకూ డబ్బు కట్టాలి. 2017 జూన్‌లో, వాడకాన్ని గమనిస్తూ వాడికను తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు వచ్చింది. దాన్ని ఆటో స్కేలింగ్ అంటారు. విడి బేరం 2018 నవంబరులో గాని రాలేదు.

ఇందులో ఒక ముచ్చట ఉంది. మొదటి రోజుల్లో పట్టికకు కొన్న సత్తువను దాని లోపలి విభాగాలకు సమంగా పంచేసేవారు. రద్దీ అంతా ఒకే విభాగం మీద పడితే, పక్క విభాగాలు ఖాళీగా ఉన్నా ఆ ఒక్కటీ అభ్యర్థనలను వెనక్కి పంపేది. దాంతో వాడుకరులు భయపడి, అవసరానికి మించి వాడిక పెట్టుకునేవారు. డైనమోడీబీని కట్టినవారే 2022లో ప్రకటించిన పత్రంలో ఈ సంగతి దాపరికం లేకుండా రాసుకున్నారు. ఆ ఇబ్బంది తరువాత తొలగిపోయింది. ఆ రోజుల్లో అలవాటైన 'ఎందుకైనా మంచిది, ఇంకో వంద పెట్టు' అనే ధోరణి మాత్రం చాలా చోట్ల మిగిలిపోయింది.

ఇక ధరలు. నేను చెప్పేవన్నీ అమెరికాలోని ఉత్తర వర్జీనియా కేంద్రపు ధరలు. ముంబయికీ హైదరాబాదుకూ ధరలు వేరుగా ఉంటాయి కనుక చదువరులు తమ కేంద్రపు పట్టిక చూసుకొని తిరిగి లెక్క వేసుకోవాలి. వాడికలో ఒక రాత యూనిట్ అంటే సెకనుకు ఒక నమోదు, అదీ 1 కేబీ లోపుది. దాని ఖరీదు గంటకు 0.00065 డాలర్లు. ఆ యూనిట్‌ను గంటంతా ఒక్క సెకను కూడా వృథా కాకుండా వాడితే 3,600 రాతలు వస్తాయి. అవే 3,600 రాతలను విడిగా కొంటే, పది లక్షలకు 0.625 డాలర్ల చొప్పున, 0.00225 డాలర్లవుతాయి. మొదటి అంకెను రెండవ అంకెతో భాగించండి. నూటికి 29 పాళ్లకు ఒక పిసరు తక్కువగా వస్తుంది. పఠనాలకు చేసినా అదే నిష్పత్తి.

ఈ 29 అన్నదే అసలు గీత. కొనుక్కున్న వాడికలో సగటున నూటికి 29 పాళ్ల కంటె ఎక్కువ వాడుకునే పట్టికకు వాడిక లాభం. అంతకు తక్కువ వాడుకునేదానికి విడి లాభం. సగటు అంటే పగలూ రాత్రీ, ఆదివారాలూ, దసరా సెలవులూ అన్నీ కలుపుకొని సుమా. రద్దీ వేళ ఒక్కటే చూసుకొని 'నూటికి ఎనభై వాడుతున్నాంగా' అని తృప్తి పడేవారు నాకు చాలామంది తెలుసు. పెళ్లినాటి వంటను బట్టి నెల సరుకు కొనేవారు ఉండరు గదా!

మా పట్టికలలో మూడింటి కథ చెబితే చాలు.

మొదటిది హాజరు పట్టిక. బడి గంట కొట్టిన కాసేపటికి తరగతి తరగతిలోనూ పంతులుగారో పంతులమ్మగారో ఫోను తీసి, రానివారి పేర్లు గుర్తు పెట్టి ఒక్క మీట నొక్కుతారు. అంతే, ఆ తరగతిలోని నలభై మంది నమోదులూ ఒక్కసారిగా వచ్చి పడతాయి. తొమ్మిదింబావు వేళ సెకనుకు 400 దాకా పోతుంది. పదిన్నర దాటాక ఆ పట్టిక వైపు తొంగి చూసేవారుండరు. మొత్తం లక్షా ఇరవై వేల మంది పిల్లలు, నెలకు 24 పనిదినాలు. అంటే 28 లక్షల 80 వేల నమోదులు. దీని మీద రెండు సూచికలున్నాయి. ఒకటి తరగతి వారీగా, ఒకటి తేదీ వారీగా వెదకడానికి. ఒక నమోదు పట్టికలో పడితే రెండు సూచికలలోనూ పడాలి, ప్రతిదానికీ వేరుగా డబ్బు కట్టాలి. ఈ సంగతి చాలామంది గమనించరు.

మాకు ఆ పట్టికకూ రెండు సూచికలకూ తలా 400 యూనిట్ల వాడిక ఉంది. 400 యూనిట్లు నెలకు 720 గంటలంటే 187 డాలర్ల 20 సెంట్లు. మూడింటికీ 561 డాలర్ల 60 సెంట్లు. ఇంతటితో అయిపోలేదు. పరీక్షల కోసం ఒక నకలూ, కొత్త బడులకు చూపించడానికి ఇంకొక నకలూ ఉన్నాయి. వాటిని చేసినప్పుడు అంకెలతో సహా యథాతథంగా దించారు. కాబట్టి మొత్తం 1,684 డాలర్ల 80 సెంట్లు. రూపాయలలో లక్షకు పైమాటే. ఫోను గదిలో ఇద్దరి జీతాలు అందులోనే ఉన్నాయి.

వాడకం ఎంత? కొన్న సత్తువలో నూటికి పావు వంతు కంటె కొంచెం ఎక్కువ, మూడో వంతు కంటె తక్కువ. నూటికి పాతిక కాదు, నూటికి పావు! అదైనా అసలు పట్టికలో. నకళ్లలో అదీ లేదు. ఎవరూ పాలు తాగని రెండిళ్లకు నిత్యం కాన్ల కొద్దీ పాలు పోయించుకుంటున్నట్టన్నమాట.

విడికి మారిస్తే? 28 లక్షల 80 వేలను మూడుతో గుణిస్తే 86 లక్షల 40 వేల రాతలు. పది లక్షలకు 0.625 చొప్పున 5 డాలర్ల 40 సెంట్లు. ఆ అంకె వచ్చినప్పుడు నమ్మలేక నాలుగు సార్లు లెక్క వేశాను. ఆ తరువాత బయటికి పోయి టీ తాగి వచ్చి అయిదోసారి వేశాను.

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావాలి. అంత తేడా ఉంటే వెనకటి అతను 400 ఎందుకు పెట్టాడు? తెలివితక్కువవాడా? కాదు. ఆటో స్కేలింగ్ ఉండగా దాన్ని ఆపివేసి మరీ పెట్టాడు, దానికి కారణమూ రాసిపెట్టాడు. ఆటో స్కేలింగ్ అనేది వాడకం గీత దాటి రెండు నిమిషాల పాటు అలాగే ఉన్న తరువాత గాని కదలదు. కదిలాక సత్తువ పెరగడానికి మరికొంత వ్యవధి పడుతుంది. మా రద్దీ మెల్లగా ఎక్కే మెట్ల వంటిది కాదు, గోడ వంటిది. ఆ కొద్ది నిమిషాలలోనే ఉపాధ్యాయుల ఫోన్లలో చక్రం గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. పిల్లవాడు బడికి రాలేదన్న సందేశం తల్లికి ఆలస్యంగా పోతుంది. బడికని బయలుదేరిన పిల్ల బడికి చేరలేదన్న కబురు ఎంత త్వరగా అందితే అంత మంచిది. అందుకని అతను డబ్బు ఖర్చయినా సరేనని గోడ ఎత్తున వాడిక పెట్టాడు. అతను వెతికిన భద్రత సరైనదే. విడి బేరంలో ఆ భద్రత అంతకంటె చౌకగా దొరుకుతుందన్నది మాత్రమే నేను చేర్చిన మాట. విడి పద్ధతిలో కొత్త పట్టిక అయినా సెకనుకు 4,000 రాతల దాకా తట్టుకుంటుంది. మా 400 దానికి లెక్కలోది కాదు.

రెండవది బస్సుల పట్టిక. దీని కథే నాకు ఎక్కువ ఇష్టం. 350 బస్సులు పది సెకన్లకొకసారి తామెక్కడున్నామో చెబుతాయి. సెకనుకు 35 రాతలు. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు; రోజుకు ఆరున్నర గంటలు. నెలకు కోటీ తొంభై ఆరున్నర లక్షల రాతలు. దీనికి 50 యూనిట్ల వాడిక ఇరవైనాలుగు గంటలూ నడుస్తోంది. నెలకు 23 డాలర్ల 40 సెంట్లు. వాడకం నూటికి 15 పాళ్లు. గీత 29 కనుక విడి లాభం: 12 డాలర్ల 29 సెంట్లు.

అయితే అతను దీన్ని వాడికలో ఉంచడం పొరపాటా? ఇక్కడే చిన్న తమాషా ఉంది. విడి ధర 2024 నవంబరు 1న సగానికి సగం తగ్గింది. అంతకు ముందు పది లక్షల రాతలకు ఒకటింబావు డాలరు. ఆ ధరతో చూస్తే గీత 29 దగ్గర కాదు, పద్నాలుగున్నర దగ్గర ఉండేది. మా బస్సుల పట్టిక పదిహేను పాళ్లు వాడుతోంది. అంటే ఆనాడు విడిగా కొంటే 24 డాలర్ల 57 సెంట్లయ్యేది, వాడిక 23 డాలర్ల 40 సెంట్లు. అతని లెక్క సెంట్లతో సహా సరిపోయింది! గీత వెంట్రుకవాసిలో ఉన్నా కరెక్టుగా ఇటువైపే పెట్టాడు. ఆ తరువాత ఒక రాత్రి గీత జరిగింది. పట్టిక ఉన్నచోటనే ఉంది. ఎక్కడా ఎర్ర దీపం వెలగలేదు, ఏ హెచ్చరికా రాలేదు. ధర తగ్గిందన్న వార్తకు మన బిల్లులో ఏ మార్పూ రాకపోతే మనం చూసుకోవలసినది ఏదో ఉన్నట్టే.

నేను ఈ పట్టికను విడిలోకి మార్చలేదు. బస్సులు ఎప్పుడు తిరుగుతాయో ముందే తెలుసు గదా! గడియారాన్ని బట్టి వాడికను మార్చే ఏర్పాటు ఉంది. పనిదినాలలో బస్సులు కదలడానికి పావుగంట ముందు 50కి పెంచడం, అవి షెడ్డుకు చేరాక 1కి దించడం. పాలవాడికి 'వచ్చే వారం మేముండం' అని ముందుగా చెప్పడం వంటిదే. అలా చేస్తే నెలకు ఆరు డాలర్ల లోపే తేలుతుంది. విడి ధరలో సగం. పదిహేడు డాలర్ల ఆదా చిల్లరే అనుకోండి. కాని హాజరు పట్టికలో మిగిలినది ఒక్కసారి దొరికే నిధి, బస్సుల పట్టికలో మిగిలినది లెక్క తెలిసినందుకు దక్కే కూలి.

మూడవ పట్టిక యజమానికి చూపించడానికి పనికి వచ్చింది. హాజరు పట్టిక అంకెలు చూడగానే ఆయన ఉత్సాహంతో "అయితే అన్నిటినీ ఆన్-డిమాండ్‌లోకి మార్చేయండి, ఇవాళే" అన్నారు. మా యంత్రాలు, అంటే బస్సులలోని పెట్టెలూ సిబ్బంది వేలిముద్రల యంత్రాలూ కలిపి 1,200, నిమిషానికొకసారి 'బతికే ఉన్నాను' అని ఒక ముక్క రాసిపోతాయి. పగలనక రాత్రనక, పండుగనక పబ్బమనక సెకనుకు 20 రాతలు. 25 యూనిట్ల వాడికతో నెలకు 11 డాలర్ల 70 సెంట్లవుతోంది. విడికి మారిస్తే 32 డాలర్ల 40 సెంట్లు. దాదాపు మూడింతలు! నూటికి ఎనభై పాళ్లు వాడే ఇంటికి కొట్టు పాలు ఎందుకు? ఇటువంటి నిలకడ పెద్ద ఎత్తున ఉన్నవారికి ఏడాదికో మూడేళ్లకో ముందే ఒప్పుకొని ఇంకా తక్కువకు కొనే దారి కూడా ఉంది. కాని అది నూరు యూనిట్ల మూటలుగా అమ్ముతారు, మా పాతికకు అది వర్తించదు.

పఠనాల గురించి ఒక్క మాట. పక్కాగా తాజా విలువే కావాలని అడిగే పఠనం ఖరీదు, ఒక క్షణం పాతదైనా సరేననే పఠనానికి రెట్టింపు. బస్సు ఎక్కడుందో చూసే తల్లికి సెకను వెనకటి జాడ చాలు. ఆ ఒక్క మీట మార్చడంతో పఠనాల ఖర్చు సగమైంది. ఇంకొకటి: నమోదు 1 కేబీని కొంచెం దాటినా 2 కేబీల కింద లెక్క, అందులోని గడుల పేర్లు కూడా ఆ బరువులో కలుస్తాయి. మూరెడేసి ఇంగ్లీషు పేర్లు పెట్టుకుంటే ప్రతి రాతకూ ఆ మూరను తూచి డబ్బు కట్టాలి.

విడి బేరంలో భయపడవలసినది ఒకటుంది. వాడికకు హద్దు ఉంటుంది, విడికి ఉండదు. ఎవరో రాసిన ప్రోగ్రాము పిచ్చెత్తి ఒకే నమోదును లక్షసార్లు రాస్తే, వాడిక వెనక్కి నెట్టి కాపాడుతుంది; విడి మాత్రం వినయంగా అన్నీ రాసి అన్నిటికీ బిల్లు వేస్తుంది. 2024 మే నుంచి విడి పట్టికకు కూడా గరిష్ఠ హద్దు పెట్టుకోనిస్తున్నారు. హాజరు పట్టికకు 800 పెట్టాను.

ఫిబ్రవరి నెలాఖరుకు ఇవన్నీ మారాయి. ఒక మధ్యాహ్నం ఫోను గదిలో టీ తాగుతూ, బస్సుల గడియారపు ఏర్పాటు గురించి గొప్పగా చెబుతున్నాను. అక్క వింటూ వింటూ, "మరి ఒంటిపూట బడులు వస్తాయి గదా తమ్ముడూ, అప్పుడేం చేస్తావు?" అని అడిగింది.

మార్చి నడిమిలో ఎండల కారణంగా మన రెండు రాష్ట్రాల్లోనూ బడులు ఒంటిపూటకు మారతాయి. బస్సులు ఇంకా పెందరాళే కదులుతాయి. మధ్యాహ్నం మూడింటికి కాదు, పన్నెండున్నరకే పిల్లలను దించడానికి బయలుదేరతాయి. నా గడియారం ప్రకారం ఆ వేళకు పట్టికలో ఉండేది ఒకే ఒక్క యూనిట్. ఎండలో బస్సు కోసం నిలబడిన తల్లులకు జాడ కనపడని రోజు వచ్చేది. నేను చూసినది మూడు వారాల రేఖాచిత్రం. అక్క చూసినది ఆరు వేసవులు. పైగా ఆవిడ ఏ బడులు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చిన మర్నాడే మారతాయో, ఏవి నాలుగు రోజులు ఆగుతాయో, పదో తరగతి పరీక్షా కేంద్రాలైన బడుల వేళలు ఎలా ఉంటాయో కూడా చెప్పింది. ఖాళీ వేళల్లో కూర్చొని బడుల వారితో కబుర్లాడుతూ పోగుచేసుకున్న సమాచారమది. ఆ పూటే కాగితం మీద రాసుకొని, ఒంటిపూటకు వేరే వేళల పట్టిక తయారుచేశాను.

ఏప్రిల్‌లో సెలవులు ఇచ్చేశాక యజమాని మళ్లీ పిలిచారు. బిల్లు చూసి ఎంతో సంతోషించారు. ఆ వెంటనే, సంతోషంలోనే, ఇంకొక మాట అన్నారు. "మీ లెక్క నాకు బాగా నచ్చిందండీ. ఇదే లెక్క ఫోను గదికి వేద్దాం. పొద్దున రెండు గంటలు తప్ప వాళ్లకు పనేముంది? నూటికి 29 కూడా ఉండదు. గంటల చొప్పున పిలిపించుకుంటే పోదా? అదీ ఆన్-డిమాండేగా!"

నేను వేసిన లెక్క నా ఎదుటకే అలా నడిచి వస్తుందని అనుకోలేదు. ఆ ఇద్దరి ఉద్యోగం నిలబడాలనే గదా బిల్లు తగ్గించడానికి కూర్చున్నది!

మా తాతగారి ఇంట్లో పాలేరు ఉండేవాడు. ఏడాదికింత అని జీతం, నెలనెలా గాసం. నాట్లప్పుడు కూలీలను పిలిచేవారు. వాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజుకే. ఎండాకాలంలో పొలంలో పని లేకపోయినా పాలేరుకు గాసం కొలవక తప్పదు. ఆ రోజుల్లో పాలేరు బతుకు సుఖంగా ఉండేదని చెప్పబోవడం లేదు. అప్పుకు కట్టుబడి ఏళ్లకేళ్లు ఉండిపోయినవారి కథలు మా ఊళ్లోనే ఉన్నాయి. కాని ఏ మడికి నీళ్లు ఆలస్యంగా ఎక్కుతాయో, ఏ గట్టు ఏ వానకు తెగుతుందో నాట్లకు వచ్చిన కూలీలను అడిగితే చెప్పలేరు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లను ఆ పొలంలో ఉండనిచ్చినది నాలుగు రోజులే.

యజమానితో ఇదంతా చెప్పలేదు. ఒంటిపూట బడుల సంగతి మాత్రం చెప్పాను. మార్చిలో బస్సుల జాడ ఆగిపోయి ఉంటే ఎన్ని బడులు ఫోను చేసేవో, వాటిలో ఎన్ని జూన్‌లో మళ్లీ మన దగ్గరకు వచ్చేవో ఆయనకే బాగా తెలుసు. "డైనమోడీబీ అయినా వాడని సత్తువను అయిదు నిమిషాల దాకా దాచిపెట్టి, అవసరం పడినప్పుడు ఇస్తుంది సార్. అక్క ఆరేళ్లది దాచిపెట్టి ఇచ్చింది" అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు ఒప్పుకోలో కాదో నాకప్పుడు తెలియలేదు.

జూన్ రెండో వారంలో బడులు తెరిచేనాటికి ఫోను గదిలో నలుగురూ ఉన్నారు. వచ్చే ఏడాది మాట వచ్చే ఏడాది చూద్దామన్నారు యజమాని. వేసవిలో పనిలేని ఆరు వారాలలో వారి చేత ప్రతి బడి వేళలూ, సెలవులూ, పరీక్షల తేదీలూ ఒక పట్టికగా రాయించాం. ఆ పట్టికను రోజుకు ఒకరిద్దరు తప్ప ఎవరూ తెరవరు; అది విడిలో ఉంది, నెలకు ఒక సెంటు కూడా కావడం లేదు.

వెనకటి అతను తన కారణం రాసిపెట్టి పోవడం నాకెంతో ఉపయోగపడింది. నేనూ ప్రతి పట్టికకూ ఒక చీటీ తగిలించాను. రద్దీ ఏ వేళ, సగటు వాడకమెంత, వాడికా విడా, గీత ఎక్కడుంది, ఆ గీత ఏ తేదీ ధరల మీద వేసినది. బస్సుల పట్టిక చీటీలో చివరి వాక్యం ఇది: 'ఒంటిపూట బడులకు ముందు ఫోను గదిలో అడగవలెను.'